ఫిలిమోని మామ తెచ్చిన మాట

ఫిలిమోని మామ బస్సు దిగినప్పుడు నేను రోడ్డు పక్కన బంగాళాదుంపల బకెట్ల వెనక కూర్చుని ఉన్నాను. దేడ్జా మీదుగా బ్లాంటైర్ పోయే ఆ రోడ్డు మీదే మా ఊరి ఆడవాళ్ళ బతుకంతా. బస్సు ఆగితే చాలు, బకెట్లు నెత్తిన పెట్టుకుని కిటికీల దగ్గరికి పరుగెడతాం. ఆ రోజూ పరుగెత్తాం. కొనడానికి ఒక్కరూ చెయ్యి చాపలేదు గానీ ఒక మనిషి దిగాడు. యాభై దాటి ఉంటాయి. గుబురు మీసం, ఎండకి రంగు పోయిన టోపీ, చేతిలో చారల సంచి.

బస్సు వెళ్ళిపోయాక అతను చుట్టూ చూసి, మా దగ్గరికి వచ్చి, మోకాళ్ళు కాస్త వంచి, అరచేతులు రెండూ మెత్తగా తట్టాడు.

"తల్లులారా, పొద్దు చల్లగా గడిచిందా మీకు? కలుమా ఊరికి దోవ ఎటమ్మా?"

నా పక్కనున్న దైలేసి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. మేం పలకరించుకునేది ఒక్క ముక్కలో అయిపోతుంది. ఇతను మా అవ్వలు చేసినట్టు ఒక్కో మాటనీ సాగదీసి, చివర కాస్త దించి, పసిబిడ్డని పక్కమీద పడుకోబెట్టినట్టు మెల్లగా వదిలాడు.

"చూడవే ఎసినతీ, మీసాల మనిషి నోట్లో ముసలమ్మ కూర్చుంది," అంది దైలేసి నా చెవిలో. చెవిలో అన్నా దైలేసి మాట రోడ్డు అవతలికి వినిపిస్తుంది.

అతను విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. "అవునమ్మా, ముసలమ్మ దగ్గరే నేర్చుకున్నాను," అన్నాడు.

"కలుమా ఊరే ఇది. ఎవరింటికండీ?" అనడిగాను.

"వెలోనిక అని ఒకామె ఉండాలి. బతికే ఉందా తల్లీ? ఆమె చెల్లెలు లుకియా కొడుకుని నేను."

వెలోనిక మా అమ్మమ్మ. లుకియా పేరు మా ఇంట్లో ఎప్పుడూ వినే పేరే. కొత్త పెళ్ళికూతురుగా మొగుడి వెంట లారీ ఎక్కి ఇప్పుడు జింబాబ్వే అంటున్న రొడీషియా పొగాకు తోటలకి పోయి, మళ్ళీ రాని మనిషి. అలా పోయి తిరిగిరాని వాళ్ళకి మాలో ఒక మాట ఉంది, మ్చోనా అని. చచ్చినవాళ్ళకైతే సమాధి ఉంటుంది, వెళ్ళి చీపురుతో ఊడ్చి రావచ్చు. మ్చోనాకి అదీ ఉండదు. అందుకే మా అవ్వ లుకియా పేరు చెప్పినప్పుడల్లా, ఉందని అనాలో ఉండేదని అనాలో తేల్చుకోలేక మధ్యలో ఆగిపోయేది.

బకెట్లు దైలేసికి అప్పజెప్పి అతన్ని ఇంటికి తీసుకెళ్ళాను. అవ్వ వాకిట్లో చాప మీద చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను చెప్పిందంతా విని, తలెత్తి అతన్ని చూసి, మళ్ళీ కాయలు వలవడం మొదలుపెట్టింది.

"లుకియా కొడుకువైతే మంచిదే. కూర్చో. ముందు తిను," అంది.

అవ్వ అలా ఉండడానికి కారణముంది. నా చిన్నప్పుడు ఇలాగే ఒకడు లుకియా కబురు తెచ్చానని వచ్చాడు. వారం పాటు కోళ్ళు కోయించుకు తిని, అవ్వ కప్పుకునే దుప్పటి చంకన పెట్టుకుని చెప్పకుండా పోయాడు. ఆనాటి నుంచి ఆ పేరు చెప్పుకుని ఎవరొచ్చినా అవ్వ అన్నం పెడుతుంది, నమ్మకం మాత్రం పెట్టదు. ఈయన తాతల పేర్లు చెప్పాడు, వాగు పేరు చెప్పాడు, తల్లి పోయి చాలా ఏళ్ళయిందని చెప్పాడు. అవ్వ అన్నిటికీ "ఊఁ" అంది. పేర్లదేముంది, దారిలో ఎవరిని అడిగినా చెబుతారు.

మర్నాడు పొద్దున్నే ఇంకో చిక్కొచ్చిపడింది. మా అమ్మ మలిత న్సిమా, అదే మొక్కజొన్న పిండి ముద్ద, వండుతూ, "అన్నా, నంజుకోడానికి ఏం చెయ్యమంటావు?" అనడిగింది.

"ఏమీ హడావిడి పడకమ్మా. మోవా ఉంటే చాలు. రోజూ మోవాతోనే తింటాను," అన్నాడతను.

మా మాటలో మోవా అంటే మొక్కజొన్నతో కాచే నాటు బీరు. మా అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత వంటింటి వెనక్కి వచ్చి అవ్వతో, "అమ్మా, సూర్యుడు ఇంకా కొండెక్కలేదు, నీ చెల్లెలి కొడుకు బీరు అడుగుతున్నాడు. అదీ న్సిమాలో నంజుకుంటాడట," అంది.

"రోజూ అలాగేనట్నా?"

"రోజూనట."

"అయితే లుకియా కొడుకైనా కాకపోయినా వీడి బతుకు తెల్లారినట్టే," అంది అవ్వ.

కాసేపటికి మా అమ్మ భయపడుతూ ఓ చిప్పలో బీరు తెచ్చి ముందు పెట్టింది. అతను దాన్ని చూసి, మమ్మల్ని చూసి, లేచి ఇంటి వెనక్కి నడిచి, చెత్తకుప్ప పక్కన మొలిచిన తోటకూర రెండు పిడికిళ్ళు కోసుకొచ్చాడు. "ఇదమ్మా మోవా. అక్కడ దీన్నే మోవా అంటారు," అన్నాడు. సగం అక్కడివాళ్ళ షోనా మాట, సగం మా మాట కలిసి నాలిక మీదే పెరిగితే ఏది ఎవరిదో గుర్తుండదని అప్పుడు చెప్పాడు. మా అమ్మ నవ్వీ నవ్వీ నేలమీద కూలబడింది. అవ్వ మాత్రం పెదవి చివర కూడా కదపలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి జరిగింది అసలు సంగతి. మధ్యాహ్నం వేళ. అవ్వ వాగు పక్క మడిలో కూర్చుని కలుపు తీస్తోంది, అతను నీళ్ళు మోసి పోస్తున్నాడు. చుట్టూ మా ఇంటి పిల్లలు. అవ్వ భుజం మీద పసుపుపచ్చ సీతాకోకచిలుక ఒకటి వచ్చి వాలింది.

"కదలకు పెద్దమ్మా. నీ మీద గుఫెలూ వాలింది," అన్నాడు.

పిల్లలు పకపకా నవ్వారు. "గుఫెలూ కాదు తాతా, గులుగుఫె," అన్నారు.

"మా అమ్మ గుఫెలూ అనే చెప్పింది."

"మీ అమ్మకి రాదేమో తాతా."

అవ్వ చేతిలోని గడ్డి అలాగే ఉండిపోయింది. "ఏమన్నావు? మళ్ళీ అను," అంది.

అతను భయంభయంగా మళ్ళీ అన్నాడు. అవ్వ మట్టి చేత్తోనే నేలకి ఆనుకుని లేచి, అతని ముఖాన్ని రెండు అరచేతులతో పై నుంచి కిందికి తుడిచింది. చంటిపిల్లాడు పాలు తాగాక తుడుస్తామే, అలా. మట్టంతా అతని మీసానికి అంటుకుంది.

"లుకియాకి చిన్నప్పుడు ఆ మాట తిరిగేది కాదు," అంది. "గుఫెలూ, గుఫెలూ అంటూ వెంటపడి పరుగెత్తేది. మొదట వెక్కిరించాం. తర్వాత మా అమ్మకీ అదే అలవాటైంది, నాకూ అదే అయింది. ఇంట్లో అందరం అలాగే అనేవాళ్ళం. బయట ఎవరికి తెలుసు అది?"

"అంటే అది అసలు మాట కాదా పెద్దమ్మా? ఇన్నాళ్ళూ నేను తప్పు పలుకుతున్నానా?"

"తప్పెందుకవుతుంది నాయనా. అది మనింటి మాట," అంది అవ్వ. పిల్లల వైపు తిరిగి, "పొండి, మీ అమ్మమ్మ మలితతో చెప్పండి, ఎర్రకోడిని కొయ్యమని. నా కొడుకొచ్చాడు," అంది.

మాలో తల్లి ఊరే బిడ్డ ఊరు. లుకియా కొడుకంటే ఊళ్ళో పుట్టినవాడితో సమానం. ఊరి పెద్ద జలాసి తాత మా అవ్వకి స్వయానా తమ్ముడు, ఫిలిమోనికి మేనమామ. వాగు పక్కన నేల చెక్క ఒకటి చూపించి, "అడగాల్సిన పని లేదు మేనల్లుడా, ఇది మీ అమ్మ వదిలి వెళ్ళిన చోటు," అన్నాడు. అప్పటి నుంచి నాకతను ఫిలిమోని మామ.

వాళ్ళ నాన్న చిన్నప్పుడే పోయాడట. కరోయి దగ్గర పొగాకు తోటలో కూలీల గుడిసెల మధ్య పెరిగాడు. ఒక గుడిసెలో టేటే నుంచి వచ్చినవాళ్ళు, ఒక గుడిసెలో చిపాటావాళ్ళు, ఇంకోదాంట్లో షిరే నది దిగువవాళ్ళు. అందరిదీ మా భాషే, ఏ ఇద్దరిదీ ఒకలా ఉండదు. పిల్లలు అన్నిట్నీ కలిపి పైన షోనా చల్లి మాట్లాడుకునేవాళ్ళు. లుకియా చిన్నవ్వ మాత్రం ఒకటే పట్టు పట్టిందట. "వీధిలో నీ ఇష్టమొచ్చిన భాష మాట్లాడుకో. ఈ గడప లోపలికొచ్చాక నా భాష," అని. తప్పు పలికితే అన్నం గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, సరిగ్గా పలికాకే తీసేదట. అక్కడివాళ్ళు అతన్ని ఎన్నడూ తమవాడనుకోలేదు. పుట్టింది అక్కడే అయినా, ఎక్కడి నుంచో వచ్చినవాడనే అన్నారు. తోట మూతపడి కూలీలందర్నీ పొమ్మన్నప్పుడు, భార్య అప్పటికే చనిపోయింది, కూతురు తరిసాయి మేనమామల దగ్గర ఉండిపోయింది. ఇతనికి పోవడానికి ఒకే ఒక్క చోటు మిగిలింది. అదీ కళ్ళతో ఎప్పుడూ చూడని చోటు.

తల్లి దగ్గర మాత్రమే నేర్చుకున్న మాట కాబట్టి అది ఆడవాళ్ళ మాట. కాలికి రాయి తగిలితే "అయ్యో నా తల్లో, నే పోతినే" అనేవాడు, మా అవ్వలు దీర్ఘం తీసినట్టే. బీరు తాగే చోట మగవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఒకసారి జలాసి తాత పక్కకి పిలిచి చెప్పాడు.

"మేనల్లుడా, ఆ మాట మగవాళ్ళు అనరు."

"మరి కాలికి దెబ్బ తగిలితే మగవాళ్ళు ఏమంటారు మామా?"

తాత కాసేపు ఆలోచించి, "మగవాళ్ళు ఊరుకుంటారు," అన్నాడు.

ఫిలిమోని మామకి ఊరుకోవడం చేతకాలేదు. అలాగే అంటూ వచ్చాడు.

దైలేసి అతన్ని వదిలేది కాదు. "జింబాబ్వే నుంచి తిరిగొచ్చేవాళ్ళు సైకిళ్ళు తెస్తారు, దుప్పట్లు తెస్తారు, రేడియోలు తెస్తారు. నువ్వేం తెచ్చావయ్యా?" అని రోడ్డు మీదే అడిగేది.

"నాలిక తెచ్చానమ్మా."

"అది మా దగ్గరా ఉంది."

"నీ దగ్గర ఎక్కువే ఉంది. ఊళ్ళో అందరికీ తెలుసు."

ఆ ఏళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చిక్కుడుకాయల వాసన వస్తుంది. పొద్దువాలే వేళ అవ్వ చాప చుట్టూ ఊళ్ళో ముసలమ్మలంతా చేరేవాళ్ళు. ఫిలిమోని మామ మధ్యలో కూర్చుని వాళ్ళకి కాయలు వలిచి పెట్టేవాడు. అతను మామూలుగా ఏదో అంటాడు, పొయ్యి కింద బూడిద గురించో, దంపుడు పాట గురించో. వెంటనే ఒక ముసలమ్మ, "ఏమన్నావు నాయనా, ఆ మాట మా అమ్మ అనేది. నేను మర్చేపోయాను," అంటుంది. ఇంకొకామెకి దాని తోక పట్టుకుని మరో మాట గుర్తొస్తుంది. మేం రేడియో వింటూ, బడిలో చదువుకుంటూ, పట్నం పోయి వస్తూ ఎక్కడెక్కడో జారవిడుచుకున్న మాటలు అవి. కరోయిలో ఆ గుడిసెలో పెట్టెలో దాచిన బట్టల్లా మడత నలగకుండా ఉండిపోయాయి. మా పిల్లలు నాన్నని 'అదాది' అంటారు, ఇంగ్లీషు బడి నుంచి వచ్చిన పిలుపు. అతను 'అతాతె' అనేవాడు. పిల్లలు లెక్కపెడితే సిక్స్, సెవెన్. అతను పాత పద్ధతిలో అయిదూ ఒకటి, అయిదూ రెండు అని కూడుకుంటూ పోయేవాడు. పిల్లలకి అది ఆటైపోయింది. కొన్నాళ్ళకి ఊళ్ళో గోళీకాయలు కూడా అయిదూ మూడు, అయిదూ నాలుగు అయ్యాయి.

రోడ్డు మీద మాకు అతనితో ఇంకో మేలు జరిగింది. హరారే బస్సు ఆగితే షోనాలో కబుర్లాడేవాడు, టేటే లారీవాళ్ళతో వాళ్ళ యాసలో, చిపాటా వ్యాపారులతో వాళ్ళలాగా. తమ ఇంటి పలుకు వినిపిస్తే మనిషి కిటికీ అద్దం దించుతాడు. అద్దం దించితే బంగాళాదుంపలు కొంటాడు. ఆడవాళ్ళందరూ అతన్ని తమ బకెట్ దగ్గర నిలబడమని బతిమాలేవాళ్ళు. అతను మాత్రం హరారే బస్సు వచ్చినప్పుడల్లా ముందు ఒకటే అడిగేవాడు, కరోయి వైపు నుంచి ఎవరైనా ఉన్నారా, తరిసాయి అనే పిల్లని ఎక్కడైనా చూశారా అని.

జూన్‌లో, మా చలికాలపు మంచు తుంపర పట్టి కొండలు కనబడని రోజుల్లో మా అవ్వ పోయింది. జబ్బేం లేదు. కుంపటి పక్కన కూర్చుని కూర్చుని ఒరిగిపోయింది. సమాధి దగ్గర ఆమె బతుకు గురించి నాలుగు మాటలు చెప్పేది ఫిలిమోని అని జలాసి తాత అన్నప్పుడు, చుట్టాల్లో లాజరో అనే ఆయన గొణిగాడు. "నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఆమె బతుకు ఏం తెలుసు?"

"అతను చెప్పాలని మా అక్కే అడిగింది. నేను కాదనలేదు. నువ్వు అంటావా?" అన్నాడు తాత.

ఫిలిమోని మామ టోపీ తీసి మొదలుపెట్టాడు. ఆమె ఎక్కడ పుట్టిందీ, ఎవరిని కన్నదీ, ఎవరికి అన్నం పెట్టిందీ చక్కగా చెప్పుకొచ్చాడు. చెల్లెల్ని లారీ ఎక్కించి వచ్చిన రోజు దగ్గరికి వచ్చేసరికి మాట షోనాలోకి జారిపోయింది. ఆయనకి తెలియలేదు. కళ్ళు మూసుకుని అలాగే చెప్పుకుంటూ పోయాడు. మాకు ముక్క అర్థం కాలేదు. అయినా తుంపరలో నిలబడి విన్నాం. ఎవరూ నవ్వలేదు. లాజరో కూడా తల వంచుకునే ఉన్నాడు. హరారేలో చాలా ఏళ్ళు ఉండి వచ్చిన ఒకావిడ తర్వాత మాకు చెప్పింది. వాళ్ళమ్మతో మాట్లాడాడట, "మీ అక్క వస్తోందమ్మా, ఎదురెళ్ళు, కాళ్ళకి నీళ్ళియ్యి" అని.

ఇంటికొస్తుంటే అడిగాను. "అవ్వకి మన మాటంటే అంత ఇష్టం కదా మామా, మరి అలా ఎందుకు చెప్పావు?"

"మా అమ్మ పోయినప్పుడు అక్కడే ఏడ్చానమ్మా, అక్కడి మాటలోనే. ఏడుపుకి ఆ దోవే అలవాటు," అన్నాడు.

ఆ మరుసటేడు అతను దైలేసిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె మొగుడు పోయి చాలా కాలమైంది. ఊరంతా నవ్వుకుంది గానీ ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆమె ఇంటికే మకాం మార్చాడు. పొద్దున లేచింది మొదలు ఇద్దరి పోట్లాట మా వాకిలికి వినిపించేది.

"చీపురుని ఏమన్నావు?"

"మా అమ్మ అలాగే అనేది."

"మీ అమ్మ ఊరు దాటిన నాడు చీపురు ఇంకా పుట్టలేదా ఏం? మామూలుగా అడుగు, ఇస్తాను."

"అడిగాను కదా."

"ఈసారి నా భాషలో అడుగు."

తరిసాయి మటుకు హరారే బస్సులో రాలేదు. ఏళ్ళ తర్వాత లిలాంగ్వే వైపు నుంచి వచ్చింది. లుసాకాలో జుట్టు అల్లే దుకాణంలో పని చేస్తోందట. తండ్రి అన్నేళ్ళూ ఒకవైపు దారి కాచాడు, పిల్ల ఇంకోవైపు నుంచి దిగింది. మేమంతా గుమిగూడాం. ఆ పిల్లకి మన మాట రాదని ఆయన ముందే చెప్పుకుని బాధపడేవాడు. భార్య బతికున్నంత కాలం ఇంట్లో షోనానే నడిచింది, కూతురికి నేర్పకుండానే కాలం గడిచిపోయిందని. ఆ పిల్ల ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నాన్నా, ఎలా ఉన్నావు? నిన్ను చూడాలని ఎంత అనుకున్నానో," అంది. మా మాటలోనే. కాకపోతే లుసాకా బజారు మాట. 'నేను' అనాల్సిన చోట మేం 'న్ది' అంటాం, అక్కడ 'ని' అని తేల్చేస్తారు.

ఆయన ఆ పిల్ల తల నిమిరి, "'ని' కాదమ్మా, 'న్ది'," అన్నాడు.

"ఇంత దూరం నుంచి వచ్చిన పిల్లకి ముందు నీళ్ళిస్తావా, పాఠం చెబుతావా?" అంది దైలేసి.

"ఎవరు నేర్పారు తల్లీ నీకు?" అనడిగాడు.

"దుకాణానికి వచ్చే ఆడవాళ్ళు. మా నాన్నతో మాట్లాడాలి, నేర్పమని అడిగాను. జుట్టు అల్లించుకుంటూ నేర్పారు."

ఆయన లేచి ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేసరికి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "మా అమ్మ విని ఉంటే అన్నం గిన్నె మీద చెయ్యి పెట్టేది," అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

అప్పటి నుంచి తరిసాయి ఏడాదికోసారి వచ్చిపోయేది. నాలుగు రోజులుండేది. ఆ నాలుగు రోజులూ తండ్రీ కూతుళ్ళు చేలగట్ల మీద తిరుగుతూ, ఆ పిల్ల వేలు పెట్టి చూపించడం, ఈయన పేరు చెప్పడం. మాలో తల్లి ఊరే బిడ్డ ఊరని చెప్పానుగా. ఆ లెక్కన తరిసాయి మా ఊరిది కాదు, వాళ్ళమ్మ వైపు పిల్ల. కానీ ఆ సంగతి ఆమె ముందు ఎవరూ ఎత్తలేదు. జలాసి తాత మాత్రం చివరి రోజుల్లో ఒకసారి, "ఊరు నీది కాకపోయినా చాప నీదే, ఎప్పుడొచ్చినా కూర్చో," అన్నాడు.

ఫిలిమోని మామ వానలు మొదలైన నెలలో పోయాడు, విత్తనాలు చల్లి వచ్చి, అలిసిపోయానంటూ పడుకున్నవాడు లేవలేదు. దైలేసి అతని పక్కన కూర్చుని, అతను రోజూ అనే ముసలవ్వల మాటల్తోనే ఏడ్చింది. ఎప్పుడు నేర్చుకుందో ఆమెకే తెలియదు. అవ్వ పక్కనే చోటు చూశాం. లుకియా చిన్నవ్వకి ఈ నేలలో సమాధి లేకపోయినా ఆమె కొడుక్కి ఉంది.

ఇప్పుడు తరిసాయి ఆదివారాలు నాకు ఫోన్ చేస్తుంది. పెళ్ళయింది, మాటలు వచ్చీరాని కూతురుంది. వెనక బజారు గోల, బస్సుల హారన్లు. ఇంకా 'ని' అనే అంటుంది. నేను దిద్దను. కూతురికి ఏదైనా చూపించి పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు నన్నడుగుతుంది, "వదినా, నాన్న దీన్ని ఏమనేవాడు?" అని. తెలిసినవి చెబుతాను. చాలా వాటికి నాకు గుర్తు రాదు. పోయిన ఆదివారం తీతువు పిట్ట గురించి అడిగింది. ఎంత తడుముకున్నా నోటికి రాలేదు.

దైలేసి పక్కనే బంగాళాదుంపలు ఏరుతోంది. చూపు తగ్గింది గానీ చెవులు బాగానే పనిచేస్తాయి.

"నీకేం తెలుసులే. ఆ ఫోన్ ఇటివ్వు," అని మట్టి చెయ్యి చాపింది.